ప్రెప్ వచ్చాక ఈ గ్రూప్ సెషన్లు ఇంకా అవసరమా? అమెరికా నల్లజాతి గే, బైసెక్సువల్ పురుషుల్లో హెచ్‌ఐవీ నివారణ గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు జార్జియాలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేస్తున్నారు. ప్రాక్టికమ్ (చదువులో భాగంగా చేసే ఫీల్డ్ పని) కోసం ఒక కమ్యూనిటీ సంస్థతో కలిసి నల్లజాతి గే, బైసెక్సువల్ యువకులకు హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ఒకటి తయారు చెయ్యాలి. మీ క్లాస్‌మేట్లేమో "ఇప్పుడు ప్రెప్ (హెచ్‌ఐవీ లేనివాళ్ళు సోకకుండా ముందుగా తీసుకునే మందు) ఉంది కదా, కూర్చోబెట్టి మాట్లాడే కార్యక్రమాలు పాతబడ్డాయి" అంటున్నారు. మీ గైడేమో సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ) పాత జాబితాలోంచి పరీక్షకు నిలిచినదేదో ఒకటి తీసుకోమంటున్నారు. ఇవి నిజంగా పనిచేస్తాయా, తెలుగమ్మాయిని, ఆ సెషన్ గదిలోకి వెళ్ళి నేనేం చెప్పగలను అని అడిగారు.

సూటిగా చెప్తాను. పనిచేస్తాయి, కానీ మీరు అనుకుంటున్న పని చెయ్యవు. కండోమ్ వాడకం, టెస్ట్ చేయించుకోవడం, భాగస్వాముల విషయంలో నిర్ణయాలు, వీటిని మంచి కార్యక్రమాలు మార్చాయి, దానికి ఆధారం ఉంది. కానీ నల్లజాతి గే పురుషుల్లో హెచ్‌ఐవీ ఇంత ఎక్కువ ఉండటానికి కారణం వాళ్ళ ప్రవర్తన కాదు. అందుకని ప్రవర్తన మార్చే కార్యక్రమం ఒక్కటే పెట్టి ఆ తేడా తగ్గుతుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది. ఇక మీ రెండో ప్రశ్న. ఆ గదిలో మాట్లాడాల్సింది మీరు కాదు. మీరు చెయ్యగలిగిన పని వేరే చాలా ఉంది, కింద చెప్తాను.

నా గురించి కొంచెం. ఉద్యోగంలో మొదటి మూడేళ్ళు గుంటూరు జిల్లాలో హెచ్‌ఐవీ ప్రాజెక్టులో డేటా పని చేశాను, గేట్స్ ఫౌండేషన్ వారి అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం నడిచిన రోజులవి. ఆ తర్వాత ఇక్కడికొచ్చి చదువుకుని, పదమూడేళ్ళుగా అట్లాంటాలో, చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఇలాంటి కార్యక్రమాలను తయారుచేసే, అవి పనిచేస్తున్నాయో లేదో కొలిచే పనిలో ఉన్నాను. నేను గే కాదు, నల్లజాతి మనిషిని కాదు. కాబట్టి ఇక్కడ రాసేది పక్కన ఉండి చూసిన మనిషి మాట అనుకోండి.

ముందు ఆ ప్రవర్తన సంగతి తేల్చుకోండి, లేకపోతే మీ కార్యక్రమం పునాదే వంకరగా పడుతుంది. చాలా ఏళ్ళు అందరూ నమ్మింది ఒకటే: వాళ్ళలో హెచ్‌ఐవీ ఎక్కువ ఉందంటే వాళ్ళు ఎక్కువ రిస్క్ తీసుకుంటున్నట్టే కదా అని. 2000ల మొదట్లో "డౌన్ లో" అనే మాట టాక్ షోలనిండా తిరిగింది. పెళ్ళి చేసుకుని, చాటుగా మగవాళ్ళతో ఉంటూ ఇంటికి రోగం తెస్తున్నారు అని నల్లజాతి పురుషులనే వేలెత్తి చూపించారు. అప్పట్లో సీడీసీలో ఉన్న గ్రెగోరియో మిలెట్, ఆయనతోటి పరిశోధకులు కూర్చుని ఉన్న అధ్యయనాలన్నీ వడపోశారు. 2006లో ఒకటి, 2007లో ఇంకొకటి, 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అమెరికా, కెనడా, బ్రిటన్ సమాచారం కలిపి మరొకటి. తేలింది ఏమిటంటే, తెల్లజాతి గే పురుషులతో పోలిస్తే వీళ్ళకి భాగస్వాములు ఎక్కువ లేరు, కండోమ్ వాడకం తక్కువ కాదు, డ్రగ్స్ వాడకం ఇంకా తక్కువే. తేడా ఉన్న చోట్లు వేరు. ఇన్సూరెన్స్ లేకపోవడం, ఆదాయం తక్కువ కావడం, ఇతర సుఖవ్యాధులకు వైద్యం సకాలంలో అందకపోవడం, వైరస్ ఉన్నవాళ్ళకి మందులు ఆలస్యంగా మొదలవడం, మొదలైనా మధ్యలో ఆగిపోవడం.

మరి ప్రవర్తన ఒకటే అయితే ఫలితం ఎందుకు వేరు? ఇది నేను ప్రతి కొత్త బ్యాచ్‌కీ బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను, మీరూ వేసి చూడండి. అట్లాంటాలో ఇన్వాల్వ్‌మెంట్ అనే అధ్యయనం 803 మంది పురుషులతో జరిగింది. అందులో చేరేటప్పటికే నల్లజాతివారిలో 43 శాతం మందికి, తెల్లజాతివారిలో 13 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. మనుషులు ఎక్కువగా తమలాంటి వాళ్ళతోనే కలుస్తారు, అది అన్ని జాతుల్లోనూ ఉన్నదే. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకరు నల్లజాతి, ఒకరు తెల్లజాతి, ఇద్దరికీ ముగ్గురేసి భాగస్వాములు అనుకోండి. తెల్లజాతి కుర్రాడి ముగ్గురిలో కనీసం ఒకరికి వైరస్ ఉండే అవకాశం 100కి దాదాపు 34. నల్లజాతి కుర్రాడికి 100కి 81. ఇద్దరూ చేసింది ఒకటే, ఎదురుపడిన ప్రమాదం రెట్టింపుకు మించి. ఆ పైన, ఆ భాగస్వామికి మందులు అందుతూ వైరస్ రక్తంలో కనిపించని స్థాయికి తగ్గి ఉంటే సెక్స్ ద్వారా అసలు సోకదు. పార్ట్‌నర్-2 అధ్యయనంలో 782 గే జంటలు 76 వేల సార్లకు పైగా కండోమ్ లేకుండా కలిస్తే, మందు వాడుతున్న భాగస్వామి నుంచి సోకినట్టు తేలినవి సున్నా. కానీ మందు అందనివాళ్ళు ఏ వర్గంలో ఎక్కువ ఉన్నారో ఆ వర్గానికి ఈ రక్ష తక్కువ దక్కుతుంది. పైన చెప్పిన ఇన్వాల్వ్‌మెంట్ అధ్యయనంలో తర్వాత కొత్తగా సోకినవాళ్ళని చూస్తే ఏడాదికి నల్లజాతివారిలో 6.5 శాతం, తెల్లజాతివారిలో 1.7 శాతం. ఆ తేడాని వివరించిన వాటిలో పెద్దవి ఇన్సూరెన్స్ ఉందా లేదా, భాగస్వాములు ఏ జాతివారు అన్నవి.

2016లో సీడీసీ ఒక అంచనా వేసింది. అప్పటి వేగమే కొనసాగితే నల్లజాతి గే, బైసెక్సువల్ పురుషుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్‌ఐవీ నిర్ధారణ అవుతుందని. తెల్లజాతివారికైతే 11 మందిలో ఒకరికి. ఆ అంకె వచ్చిన వారం మా సెంటర్‌కి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఒకడు "అయితే నాకు ఎలాగూ వస్తుంది కదా" అన్నాడు, చాలా మామూలుగా. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అంకెలు పోస్టర్ మీద పెట్టేముందు అవతల చదివేవాడు ఎవరో ఆలోచించండి. మీ కార్యక్రమంలో ఎక్కడా "మీరు హై రిస్క్" అన్న వాక్యం ఉండకూడదని నేను గట్టిగా చెప్తాను.

ఇక కార్యక్రమాల సంగతి. ఇవి యూనివర్సిటీల్లోంచి మాత్రమే పుట్టలేదు. న్యూయార్క్‌లో 1986లో గే మెన్ ఆఫ్ ఆఫ్రికన్ డిసెంట్ అనే సంస్థ మొదలైంది. తమ మిత్రులు పోతుంటే, చర్చి దగ్గరకి రానివ్వకపోతే, తెల్లజాతి గే సంస్థలు తమ గురించి పట్టించుకోకపోతే, వాళ్ళంతట వాళ్ళు కూడి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన మెనీ మెన్, మెనీ వాయిసెస్ అనే కార్యక్రమానికి వేరు అక్కడుంది. అందరూ త్రీ ఎంవీ అంటారు. ఏడు సెషన్లు, ఒక్కోటి రెండు మూడు గంటలు. కండోమ్ దగ్గర మొదలవదు అది, నాకు దానిలో నచ్చేది అదే. మొదటి సెషన్‌లో నల్లజాతి మనిషిగా, గే మనిషిగా రెండు గుర్తింపులూ మోస్తూ బతకడం ఎలా ఉంటుంది అన్నదాని మీద మాట్లాడతారు. ఇంట్లో ఏమన్నారు, చర్చిలో పాస్టర్ ఏమన్నారు, గే బార్‌లో గుమ్మం దగ్గర ఎలా చూశారు. ఇవన్నీ బయటికి వచ్చాక గానీ సుఖవ్యాధులు, సంబంధాల్లో ఎవరి మాట చెల్లుతుంది అన్న విషయాలకి రారు. న్యూయార్క్‌లో 338 మందితో దీన్ని వారాంతపు రిట్రీట్‌గా పెట్టి పరీక్షించారు, ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. ఆరు నెలల్లో, పరిచయం పెద్దగా లేని భాగస్వాములతో కండోమ్ లేకుండా కలవడం కార్యక్రమంలో ఉన్నవాళ్ళలో బాగా తగ్గింది, టెస్టులు చేయించుకోవడం పెరిగింది.

దానికన్నా ముందే 1996లో జాన్ పీటర్సన్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో 318 మందితో చేసిన ప్రయోగం ఉంది. మూడు సెషన్లకి వచ్చినవాళ్ళలో కండోమ్ లేని ఆనల్ సెక్స్ 46 శాతం నుంచి 20 శాతానికి దిగింది, ఏడాదిన్నర తర్వాత కూడా అక్కడే నిలిచింది. ఒకే సెషన్‌తో సరిపెట్టిన గ్రూప్‌లో అంత మార్పు రాలేదు. "ఒక్క వర్క్‌షాప్ పెడదాం, టైమ్ లేదు" అనే ప్రతి సంస్థకీ నేను ఈ అధ్యయనమే చూపిస్తాను.

మూడోది డి-అప్. దీని కథ వేరు, ఇక్కడ గదీ లేదు, సెషన్లకి జనాన్ని పిలవడమూ లేదు. 1990ల మొదట్లో జెఫ్ కెల్లీ దక్షిణాది చిన్న పట్టణాల గే బార్లలో ఒక పద్ధతి పరీక్షించాడు. అందరూ ఎవరి మాట వింటారో వాళ్ళని కనిపెట్టి, వాళ్ళకి కొంచెం శిక్షణ ఇచ్చి, మామూలు కబుర్లలోనే స్నేహితులతో ఈ విషయం మాట్లాడేలా చెయ్యడం. నార్త్ కరోలినాలో మూడు నగరాల్లో దాన్ని నల్లజాతి పురుషుల కోసం మార్చి వాడారు. ఏడాది తర్వాత కండోమ్ లేని ఆనల్ సెక్స్ దాదాపు మూడో వంతు తగ్గింది. మార్చడం అంటే పోస్టర్ మీద ఫొటో మార్చడం కాదు. జాతి వివక్ష గురించి, తమలాంటి వాళ్ళ మీద తమకే ఉండే చిన్నచూపు గురించి మాట్లాడటం అందులో భాగమైంది. నాకు దీన్ని చూస్తే గుంటూరు రోజులు గుర్తొస్తాయి. అక్కడ మా ఆఫీసు వాళ్ళం ఎన్ని కరపత్రాలు పంచినా రాని మనుషులు, బస్టాండ్ దగ్గర తమలోనే ఒకడైన పీర్ ఎడ్యుకేటర్ టీ తాగుతూ చెప్తే డ్రాప్-ఇన్ సెంటర్‌కి వచ్చేవాళ్ళు.

ఇప్పుడు అటువైపు కూడా చెప్పాలి, ఎందుకంటే మీ క్లాస్‌మేట్ల మాటలో నిజం లేకపోలేదు. ఈ ఫలితాలన్నీ మనుషులు తమ గురించి తాము చెప్పుకున్నవి. కండోమ్ వాడావా అని ఆరు నెలలు సెషన్లు నడిపిన సంస్థ అడిగితే, వాడానని చెప్పాలనిపిస్తుంది. పైగా చాలా వాటిలో కొలత ఆరు నెలలో ఏడాదో, ఆ తర్వాత ఏమైందో చూసింది తక్కువ. కొత్త ఇన్ఫెక్షన్లనే కొలిచిన పెద్ద అధ్యయనం ఎక్స్‌ప్లోర్. ఆరు నగరాలు, 4,295 మంది గే, బైసెక్సువల్ పురుషులు, ఒక్కొక్కరితో విడిగా పది కౌన్సెలింగ్ సెషన్లు. 2004లో ఫలితం వచ్చింది: కౌన్సెలింగ్ గ్రూప్‌లో ఇన్ఫెక్షన్లు 18.2 శాతం తక్కువ, కానీ ఆ తేడా గణాంకాల పరీక్షకి నిలవలేదు, మొదటి ఏడాది ఏడాదిన్నరలో కనిపించిన లాభం తర్వాత కరిగిపోయింది. ఆ అధ్యయనంలో నల్లజాతి పురుషులు చాలా తక్కువ మంది అన్నది ఇంకో లోటు. నార్త్ కరోలినాలో యువకుల కోసం చేసిన హెల్త్‌ఎంపవర్‌మెంట్ అనే ఆన్‌లైన్ కార్యక్రమంలో కూడా మూడు నెలల దగ్గర తేడా కనిపించింది, ఏడాదికి నిలవలేదు. ఇలాంటివి చూశాకే 2011 నుంచి సీడీసీ గ్రూప్ సెషన్ల నుంచి డబ్బు తీసి టెస్టులు, వైద్యం, తర్వాత ప్రెప్ వైపు మళ్ళించింది.

ఆ మళ్ళింపు సరైనదేనా అంటే సగం సరైనది అంటాను. 2012 జులైలో ప్రెప్ మాత్రకి అనుమతి వచ్చింది, 2021 డిసెంబర్‌లో రెండు నెలలకోసారి ఇంజెక్షన్, 2025 జూన్‌లో ఆరు నెలలకోసారి ఇచ్చే లెనకాపవిర్. మాత్ర సరిగ్గా వేసుకుంటే సెక్స్ ద్వారా సోకే ప్రమాదం 99 శాతం దాకా తగ్గుతుంది. ఇంత మంచి మందు ఉండి కూడా, 2022లో ప్రెప్ వాడేవాళ్ళలో నల్లజాతివారు 14 శాతం మాత్రమే. కొత్తగా హెచ్‌ఐవీ నిర్ధారణ అయ్యేవాళ్ళలో మాత్రం వాళ్ళు దాదాపు 40 శాతం. మందు ఉంటే చాలు అన్నవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ప్రెప్ వేసుకోవడం కూడా ప్రవర్తనే. ఈ ఒక్క మాట మీ ప్రపోజల్ మొదటి పేజీలో రాయండి. క్లినిక్‌కి ఫోన్ చెయ్యడం, తెలియని డాక్టర్‌కి తన సెక్స్ జీవితం చెప్పడం, మూడు నెలలకోసారి రక్తపరీక్షకి వెళ్ళడం, రూమ్‌మేట్ చూస్తుండగా సీసా బల్ల మీద పెట్టుకోవడం, ఇవన్నీ మనిషి చెయ్యాల్సిన పనులే. హెచ్‌పీటీఎన్ 073 అనే అధ్యయనంలో లాస్ ఏంజిలెస్, వాషింగ్టన్, చాపెల్ హిల్‌లో 226 మంది నల్లజాతి పురుషులకి ప్రెప్ ఇస్తామన్నారు, దానితోపాటు ప్రతి ఒక్కరికీ కోఆర్డినేటర్‌ని పెట్టారు. ఆ మనిషి పని మాత్ర వేసుకో అని వెంటపడటం కాదు. ఇల్లు, ఉద్యోగం, ఇన్సూరెన్స్, మనసులో భయం, ఏది ముందు తేలాలో అవతలి మనిషినే అడిగి అక్కడ మొదలుపెట్టడం. 79 శాతం మంది ప్రెప్ తీసుకున్నారు. వాళ్ళకి ఆసక్తి లేదు, వాళ్ళు నమ్మరు అని చెప్పుకునే మాటలకి నా దృష్టిలో ఇంతకన్నా గట్టి జవాబు లేదు. ఆ అధ్యయనాన్ని ముందుండి నడిపిన పరిశోధకుల్లో నల్లజాతి గే పురుషులు ఉన్నారు, అదీ గమనించండి.

నమ్మకం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 1932 నుంచి 1972 దాకా అలబామాలోని టస్కీగీలో 399 మంది సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులని, మందు దొరుకుతున్నా ఇవ్వకుండా, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చుంది ప్రభుత్వ ఆరోగ్య శాఖ. దానికి అధ్యక్షుడు క్లింటన్ 1997లో క్షమాపణ చెప్పాడు. అది జరిగిన ఊరు అట్లాంటాకి రెండు గంటల దూరం. ఇక్కడి కుటుంబాల్లో అది చరిత్ర పాఠం కాదు, అమ్మమ్మ చెప్పిన మాట. కాబట్టి ఎవరైనా "ఈ మందు మా మీద ప్రయోగమా" అని అడిగితే మూఢనమ్మకం అనుకోకండి. అయితే నా అనుభవంలో, అపనమ్మకం కన్నా ఎక్కువమందిని ఆపింది చిల్లర విషయాలు. ఒక కుర్రాడు, 22 ఏళ్ళు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను), సెషన్లన్నిటికీ వచ్చాడు, ప్రెప్ మొదలుపెడతానన్నాడు, ప్రిస్క్రిప్షన్ కూడా రాయించాం. తర్వాత ఫోన్ ఎత్తలేదు. రెండు నెలలకి వచ్చి చెప్పాడు. 26 ఏళ్ళ దాకా తండ్రి ఇన్సూరెన్స్ మీదే ఉండొచ్చు కదా, ఆ కంపెనీ ఏ సేవలు వాడారో కాగితం ఇంటికి పంపుతుంది, తండ్రి చర్చిలో డీకన్, అంటే అక్కడ పెద్దమనిషి. ఆ కవరు గురించి భయపడి మందుల షాపుకి వెళ్ళలేదు. మా ఏడు సెషన్ల పుస్తకంలో ఆ కవరు గురించి ఒక్క వాక్యం లేదు. ఆ తర్వాత మేం ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి ఆ కాగితాలు వేరే అడ్రస్‌కి పంపమని అడగడం నేర్పే పావుగంట కలిపాం. జార్జియాలో మెడికెయిడ్‌ని (ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పూర్తిగా విస్తరించలేదు కాబట్టి, అసలు ఇన్సూరెన్సే లేనివాళ్ళ సంగతి ఇంకా కష్టం. మందు ఉచితంగా ఇప్పించే పథకాలు ఉంటాయి గానీ ల్యాబ్ బిల్లు దగ్గర చిక్కుకుంటారు.

ఇక మీ రెండో ప్రశ్న, మీరు ఆ గదిలో ఏం చెప్పగలరు. నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి ఏడాది ఒక చిన్న సంస్థలో త్రీ ఎంవీ నడిపించే బాధ్యత నాకొచ్చింది. మంగళవారం సాయంత్రం ఆరింటికి సెషన్లు పెట్టాను, ఎందుకంటే ఆఫీసు ఆ టైమ్‌కి ఖాళీ. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలని నేనూ గదిలో కూర్చుని నోట్స్ రాసుకున్నాను. మొదటి వారం తొమ్మిది మంది, నాలుగో వారానికి ముగ్గురు. ఆ ముగ్గురూ గిఫ్ట్ కార్డ్ తీసుకుని మాట్లాడకుండా వెళ్ళారు. నాతో పనిచేసే ఫెసిలిటేటర్ (గదిలో సెషన్ నడిపే మనిషి), యాభై దాటినవాడు, ఈ జబ్బుతో ఎనభైల్లోనే స్నేహితులని పోగొట్టుకున్నవాడు, నన్ను పక్కకి పిలిచి అన్నాడు: "నువ్వు మంచిదానివే. కానీ నువ్వు రాస్తున్నంతసేపు వాళ్ళు నీ పెన్ను వంకే చూస్తున్నారు." చేతిలో కాగితం పట్టుకుని తమని గమనిస్తూ కూర్చున్న పరాయి మనిషి అంటే, పైన చెప్పిన ఊరి కథ తెలిసినవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తట్టలేదు. తర్వాతి విడత నేను గదిలోకి వెళ్ళలేదు. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా ఊరి బయట ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, వంట వాళ్ళే చేసుకునేలా పెట్టి, ఇద్దరు ఫెసిలిటేటర్లకీ వదిలేశాం. పద్నాలుగు మంది వెళ్ళారు, పద్నాలుగు మందీ చివరిదాకా ఉన్నారు. అందులో ఇద్దరు తర్వాత ఫెసిలిటేటర్లు అయ్యారు.

మరి మీకు మిగిలే పని ఏంటంటే, డేటా, బడ్జెట్, క్లినిక్‌తో ఒప్పందం, రవాణా, టెస్ట్ కిట్లు, రిజల్ట్ పాజిటివ్ వస్తే అదే రోజు డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళే ఏర్పాటు. చూసేవాళ్ళకి ఇవి చిన్న పనులు. కానీ నేను చూసిన మంచి కార్యక్రమాలు మూతపడింది వీటి దగ్గరే. ఫెసిలిటేటర్లకి జీతం ఇవ్వండి. గిఫ్ట్ కార్డులు, టీషర్టులు కాదు, గంటకి ఇంత అని చెక్కు. మీ సంస్థ "వాలంటీర్లు ఉన్నారు" అంటుంది, ఒప్పుకోకండి. తమ జీవితంలో అతి కష్టమైన విషయాలని పదిమంది ముందు చెప్పి అవతలివాళ్ళకి ధైర్యం ఇచ్చే పని, అది ఉద్యోగం.

బైసెక్సువల్ పురుషుల గురించి ప్రశ్నలో రాశారు గానీ, మీ ప్లాన్‌లో వాళ్ళకంటూ ఏమీ కనిపించలేదు. గే అన్న బోర్డు ఉన్న చోటికి వాళ్ళలో చాలామంది రారు. గర్ల్‌ఫ్రెండ్ ఉన్నవాడు ఇంద్రధనస్సు జెండా ఉన్న పార్కింగ్‌లో కారు ఆపడు. మాకు వాళ్ళు దొరికింది మంగలి షాపుల్లో, జిమ్‌లో, రాత్రిపూట ఫోన్ మెసేజ్‌లలో, ఇంటికి పంపే టెస్ట్ కిట్ల ద్వారా. గ్రూప్‌లో కూర్చోబెట్టాలని పట్టుపట్టకుండా ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే ఏర్పాటు ఉంచండి. అలాగే లేబర్ డే వారాంతంలో జరిగే అట్లాంటా బ్లాక్ ప్రైడ్‌కి, బాల్స్‌కి వెళ్ళే జనం వేరు. బాల్స్ అంటే హౌస్‌లుగా ఏర్పడి, ఒక్కో హౌస్‌కి "మదర్" ఒకరు పెద్దదిక్కుగా ఉండి పోటీలు జరుపుకునే సమాజం. డి-అప్ తరహా పద్ధతి అక్కడ చక్కగా ఇమిడిపోతుంది, ఎందుకంటే ఎవరి మాట వింటారో వెతకాల్సిన పని లేదు, హౌస్ మదర్ ఉంది. అయితే ఆవిడని ముందుగా వెళ్ళి మర్యాదగా అడగాలి, ఫ్లయర్లు పట్టుకుని నేరుగా వాలిపోకూడదు.

ఇక ఏది ఎంచుకోవాలి అంటే, నేనైతే మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. త్రీ ఎంవీలోని మొదటి సెషన్, సంబంధాల గురించిన సెషన్లు అలాగే ఉంచుతాను, అవి దాని ప్రాణం. కండోమ్ ఒక్కటే రక్షణ అన్నట్టు ఉన్న పాత భాగాలని ప్రెప్, వైరస్ కనిపించని స్థాయిలో ఉంటే సోకదు అన్న విషయం, ఇంజెక్షన్ల సంగతి కలిపి తిరగరాస్తాను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళని, లేనివాళ్ళని వేరు చెయ్యకుండా ఒకే గదిలో ఉంచుతాను, ఎవరూ ఎవరి స్టేటస్ అడగకూడదన్న నియమంతో. రిట్రీట్ అయిపోయాక ప్రతి ఒక్కరికీ ఆరు నెలలపాటు 073 తరహాలో ఒక కోఆర్డినేటర్. డబ్బు ఒకదానికే సరిపోతే, సెషన్లు తగ్గించి కోఆర్డినేటర్‌నే ఉంచుతాను. మీ గైడ్ దీనికి ఒప్పుకోకపోవచ్చు, పుస్తకంలో ఉన్నది మారిస్తే ఆధారం చెల్లదు అంటారు. పరీక్ష జరిగింది ప్రెప్ మాత్ర రాకముందు న్యూయార్క్‌లో, ఇప్పుడు మనం ఉన్నది ఇన్సూరెన్స్ కవరుకి భయపడే కుర్రాడి ఊళ్ళో, అని మర్యాదగా చెప్పి చూడండి.

కొలతల గురించి కూడా ఒక మాట. కండోమ్ ప్రశ్నలు అడగండి, కానీ వాటి మీదే ఆధారపడకండి. ఆరు నెలల్లో ఎంతమంది టెస్ట్ చేయించుకున్నారు, ప్రెప్ ప్రిస్క్రిప్షన్ ఎంతమంది తీసుకున్నారు, రెండోసారి ఎంతమంది నింపించుకున్నారు, పాజిటివ్ ఉన్నవాళ్ళలో ఎంతమందికి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) అదుపులో ఉంది, ఇవి క్లినిక్ రికార్డుల్లోంచి, వాళ్ళ అనుమతితో తెచ్చుకోవచ్చు. ప్రెప్ ఆపేసినవాళ్ళని ఫెయిల్ కింద రాయకండి. భాగస్వామి లేని నెలల్లో ఆపి, అవసరమైనప్పుడు మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు ఉంటారు. ఎందుకు ఆపారో అడిగి రాసుకోండి, మీ థీసిస్‌లో అందరికన్నా పనికొచ్చే పేజీ అదే అవుతుంది.

డబ్బు విషయంలో తొందరపడండి. 2025 ఏప్రిల్‌లో సీడీసీ హెచ్‌ఐవీ నివారణ విభాగంలో చాలామందిని తీసేశారు. నాకు తెలిసిన రెండు చిన్న సంస్థలు అప్పటి నుంచి ఔట్‌రీచ్ మనుషులని తగ్గించుకున్నాయి. మీ సంస్థ గ్రాంట్ ఎప్పటిదాకా ఉందో, మధ్యలో ఆగిపోతే ప్రెప్ మొదలుపెట్టినవాళ్ళని ఏ క్లినిక్ చూస్తుందో, కాగితం మీద రాయించుకున్నాకే మొదటి మనిషిని చేర్చుకోండి. బడ్జెట్ డ్రాఫ్ట్ అయ్యాక సంస్థ పేరు తీసేసి ఇక్కడ పెట్టండి, ఫెసిలిటేటర్ల లైన్, ల్యాబ్ ఖర్చుల లైన్ నేను చూసి చెప్తాను.